ఆ రథమే ఈ రథమా?

రథదృష్టాంతం మన దర్శనశాస్త్రాలకు చిరపరిచితమైనది. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా, ఇంద్రియాలను అశ్వాలుగా నిరూపించి, రథికుడైన ఆత్మను వీటన్నింటికంటె విలక్షణంగా చూపింది. బౌద్ధులు ఇదే రథాన్ని వేరొక ప్రయోజనానికి వినియోగించుకొన్నారు. ఇరుసు రథమా, చక్రం రథమా, నొగ రథమా అని నాగసేన భిక్షువు యవనరాజైన మిలిందుని ఒక్కొక్కటిగా ప్రశ్నించి, ఏదీ కాదనిపించి, రథమన్నది వ్యవహారార్థం పెట్టుకొన్న పేరు మాత్రమేనని ఒప్పించాడు. నైయాయికులు దీనిని అంగీకరించరు. అవయవాలకంటె భిన్నంగా అవయవి అనే ద్రవ్యం యథార్థంగా పుడుతుందని వారి పక్షం. అయితే ఆ పక్షానికి చెల్లించవలసిన మూల్యం కూడా పెద్దదే: వస్త్రం నుండి ఒక్క దారం లాగివేసినా పాత వస్త్రం నశించి, ఖండపటమనే కొత్త వస్త్రం పుట్టిందని చెప్పవలసివస్తుంది. మరి "ఇది అదే వస్త్రం" అన్న ప్రత్యభిజ్ఞ మాటేమిటి? సాదృశ్యం వల్ల కలిగినదని సమాధానం.

గ్రంథాలలో చదివినప్పుడు ఇవి శుష్కవాదాలుగా తోచవచ్చు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నగరంలో ఒక తెలుగు గృహస్థుని గరాజులో ఇవి నాలుగు సంవత్సరాలపాటు ఇనుముగా, తుప్పుగా, నల్లని నూనెగా ఎదుట నిలిచాయి. ఆయన చేపట్టిన పని హాట్ రాడ్ నిర్మాణం.

హాట్ రాడ్ అంటే పాత కారును తీసుకొని, దాని వేగానికి అడ్డువచ్చే ప్రతి భాగాన్నీ తొలగించి, బలమైన ఇంజనును అమర్చి, స్వహస్తాలతో పునర్నిర్మించిన వాహనం. ఈ విద్యకు జన్మభూమి దక్షిణ కాలిఫోర్నియా. 1920ల చివర ఫోర్డ్ సంస్థ లక్షలాదిగా తయారుచేసిన మోడల్ ఏ కార్లు కొద్ది ఏళ్లలోనే పేద యువకులకు సైతం అందే ధరకు దిగివచ్చాయి. వాటి నాలుగు సిలిండర్ల ఇంజను శక్తి 40 అశ్వశక్తులు. 1932లో అదే సంస్థ ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజనును 65 అశ్వశక్తులతో సామాన్యుని కారులోకి తెచ్చింది. పాత తేలికైన శరీరంలో కొత్త ఇంజనును పెట్టాలన్న ఆలోచన యువకులకు రావడంలో ఆశ్చర్యం లేదు. మోహావే ఎడారిలో మురాక్ అనే ఎండిన సరస్సు ఉన్నది. అద్దంలా చదునైన ఆ మట్టినేలపై వారు వేగాన్ని పరీక్షించుకొనేవారు. 1937లో ఆ పోటీలను క్రమబద్ధం చేయడానికి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. మురాక్ సైన్యం అధీనంలోకి వెళ్లిన తరువాత ఎల్ మిరాజ్ అనే మరొక ఎండిన సరస్సు వారికి క్షేత్రమైంది.

తీసివేయడమే ఈ విద్యకు మూలసూత్రం. మడ్‌గార్డులు పోతాయి, ఫుట్‌బోర్డులు పోతాయి, బంపర్లు, బోనెట్టు, కొన్నిసార్లు ముందరి అద్దం కూడా పోతాయి. తరువాత మార్చడం. మోడల్ ఏ బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేసేవి. ఫోర్డ్ కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు 1939లో గాని రాలేదు. కనుక ఆ తరువాతి కార్ల బ్రేకులను తెచ్చి బిగిస్తారు. కార్బురేటర్లు 1930ల మధ్యకాలపు కార్ల నుండి వస్తాయి. ఇంజను మరొక దశకం నుండి వస్తుంది. ఇన్ని కాలాల అవయవాలను ఒక్క ఛాసీపై కూర్చి "నా కారు" అనుకొంటాడు నిర్మాత. నాగసేనుడు చూచి ఉంటే సంతోషించేవాడు.

ఈ గృహస్థుని తండ్రికి విజయవాడ ఆటోనగర్‌లో లారీల పనిచేసే లేతు షెడ్డు ఉండేది. అందువల్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఇరవై ఏళ్లు గడచినా ఆయన చేతులు పానాలను మరచిపోలేదు. కారు వచ్చింది మాత్రం ఎదురింటి నుండి. ఆ ఇంటి వృద్ధుడు పద్దెనిమిదేళ్ల వయస్సులో, 1956లో, తన 1931 నాటి మోడల్ ఏ రోడ్‌స్టర్‌ను హాట్ రాడ్‌గా మలచుకొని ఎల్ మిరాజ్‌లో పరుగెత్తించినవాడు. తరువాత ఉద్యోగం, కుటుంబం, దానిపై కప్పిన గుడ్డ. కొన్ని దశాబ్దాలు అట్లే గడచాయి. భార్య గతించిన కొంతకాలానికి వృద్ధుని జ్ఞాపకశక్తి క్షీణించసాగింది. మొదట పేర్లు, తరువాత దారులు, ఆపైన వంటింట్లో వెలిగించిన మంట. కుమారుడు తండ్రిని జ్ఞాపకశక్తి కోల్పోయినవారిని సంరక్షించే నివాసానికి తరలించి, 2018 వసంతంలో ఆ కారును గృహస్థునికి అమ్మాడు. దానితోపాటు నలుపు తెలుపులలో ఒక చిన్న ఛాయాచిత్రాన్ని కూడా ఇచ్చాడు: ఎడారి, కారు, దానికి ఆనుకొని నిలబడిన బక్కపలుచని యువకుడు.

"మా నాన్న ఒక్కసారి దీన్ని చూస్తే బాగుండును" అన్నాడు ఆ కుమారుడు. గృహస్థుడు మాట ఇచ్చాడు.

మాట ఇచ్చిన తరువాత గాని అసలు ప్రశ్న ఎదురుకాలేదు. చూపవలసినది ఏ కారును? కర్మాగారం నుండి 1931లో వెలువడిన కారునా? 1956లో ఒక బాలుడు దానిని కోసి, అతికి, మార్చిన కారునా? లేక ఈనాటి బ్రేకులు, ఈనాటి వైర్లు, ఈనాటి బెల్టులతో సురక్షితంగా నడిచే కారునా? పాత కార్ల ప్రియులలో ఈ విషయమై రెండు సంప్రదాయాలు చిరకాలంగా కలహిస్తూ వచ్చాయి. పునరుద్ధారకులకు కర్మాగారపు రూపమే ప్రమాణం. ఒక్క బోల్టు మారినా అపచారం. హాట్ రాడ్ నిర్మాతలకు మార్పే ప్రాణం. ఇందులో ఒక విచిత్రం జరిగింది. పునరుద్ధారకుల ఆరాధ్యక్షేత్రమైన పెబుల్ బీచ్ ప్రదర్శనలో 1997లో చారిత్రక హాట్ రాడ్‌లకు ప్రత్యేక తరగతిని ప్రవేశపెట్టారు. అంటే ఒకనాడు వికారమని నిందింపబడినదే ఇప్పుడు చెక్కుచెదరకుండా కాపాడవలసిన ప్రకృతి అయింది. ప్రకృతి-వికృతుల విభాగం ఎంతవరకు వస్తుగతమో, ఎంతవరకు మన ఆదరాన్ని అనుసరించి మారేదో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

గృహస్థుడు 1956 నాటి రూపాన్నే లక్ష్యంగా స్వీకరించాడు. ఛాయాచిత్రం ప్రమాణం.

అప్పుడు ఆయన తల్లి విజయవాడ నుండి వచ్చి ఆ ఇంట్లోనే ఉన్నారు. కారును లోపలికి తెచ్చిన రోజున ఆమె దానికి కుంకుమ పెట్టి, చక్రాల క్రింద నిమ్మకాయలు ఉంచారు. ఆగస్టు నెలలో తిరుమలలో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం జరుగుతున్నది. గర్భాలయంలో పని జరిగేటప్పుడు మూలమూర్తి యొక్క దివ్యకళను కుంభంలోకి ఆవాహన చేసి యాగశాలలో నిలిపి, పని పూర్తయిన పిదప తిరిగి మూలమూర్తిలో ప్రతిష్ఠించడం ఆగమవిధి. ఆమె ఆ వార్తలను టీవీలో శ్రద్ధగా చూస్తున్న రోజులవి. ఒక శనివారం నలుగురు మిత్రులు చేరి కారు శరీరాన్ని ఛాసీపై నుండి పైకెత్తి చెక్కబల్లలపై పెట్టారు. ఆమె గుమ్మంలో నిలబడి, "ఏరా నాయనా, అంతా విప్పేశావు. నేను బొట్టు పెట్టిన కారు ఇప్పుడెక్కడుందిరా? దానికి బాలాలయం కట్టావా?" అని అడిగారు.

అందరూ నవ్వారు. అయినా ప్రశ్న లోతైనదే. దేవాలయంలో ఆవాహన చేయడానికి ఒక సాన్నిధ్యం ఉన్నది. గోడలు పోయినా అది పోదని ఆగమానికి తెలుసు. కారును విప్పినప్పుడు కుంభంలోకి తీసుకోవడానికి ఏమున్నది?

ఆ రోజే వారికొక వస్తువు కనబడింది. మోడల్ ఏ కారుకు సంఖ్యను చెక్కేది ఇంజనుపైన. అదే సంఖ్యను ఛాసీ ఎడమ పట్టీపై కూడా ముద్రించేవారు గాని, ఆ చోటును శరీరం కప్పివేస్తుంది. శరీరాన్ని ఎత్తితే తప్ప కనబడదు. తీగబ్రష్‌తో తుప్పును రాచగా ఇరువైపులా నక్షత్రచిహ్నాలు, మధ్య ఏ అనే అక్షరం, దాని వెంట అంకెలు మెల్లగా తేలాయి. పత్రాలలోని సంఖ్యతో అవి సరిపోయాయి. అసలు సంఖ్య చెక్కిన ఇంజనును ఆ బాలుడు 1956లోనే తుక్కుకు వేశాడు. అనగా, చట్టం దృష్టిలో ఈ కారు ఈ కారేనని చెప్పే ఏకైక ఆధారం, అరవై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడని ఆ ఇనుపపట్టీపై ఉన్న నామధేయం. వికారమంతా వాక్కును ఆశ్రయించిన పేరేనన్న ఛాందోగ్యతాత్పర్యాన్ని ఇంత స్థూలంగా చూడగలమని వేదాంతగోష్ఠులకు వెళ్లే ఆ గృహస్థుడు అనుకోలేదు.

ఇక ఇంజను. 1940ల నాటి ఫోర్డ్ వీ-8, 239 ఘనపుటంగుళాలది. వాల్వులు సిలిండర్ల ప్రక్కన దిమ్మలోనే ఉండడం వల్ల పైన మూతలు చదునుగా ఉంటాయి. అందుచేత దీనిని ఫ్లాట్‌హెడ్ అంటారు. ఎంతో అందమైన ఇంజను, ఎన్నో దోషాలు. ఎగ్జాస్ట్ మార్గాలు దిమ్మ గుండానే, నీటిగదుల ప్రక్కగానే పోతాయి కనుక వేడి లోపలే చేరుతుంది. వేడికి వాల్వుకూ సిలిండరుకూ మధ్య పగుళ్లు పడతాయి. పగులు కంటికి కనబడదు. దిమ్మను అయస్కాంతీకరించి, సన్నని ఇనుపపొడి చల్లితే, పగులు ఉన్నచోట పొడి గీతగా చేరుతుంది. ఈ దిమ్మలో ఒక గీత తేలింది, అదృష్టవశాత్తు బాగుచేయదగినది.

ఒక్కొక్క మూతను 24 స్టడ్లు పట్టి ఉంచుతాయి. నీటిలో దశాబ్దాలుగా నానిన స్టడ్లను బలంతో తిప్పితే విరుగుతాయి. గ్యాస్‌మంటతో కాచి, చల్లార్చి, నూనె పోసి, మరునాడు మళ్లీ కాచి, పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనుకకు. ఒక్క స్టడ్డుకు రెండు వారాలు పట్టిన సందర్భం ఉన్నది. ఆ ఇంజనులో మామూలు వాల్వులకు సందును సవరించే మర కూడా లేదు. వాల్వు కాడ చివరను అరగదీసి, అంగుళంలో వెయ్యింట పది పన్నెండు వంతుల సందు వచ్చేవరకు మళ్లీ మళ్లీ కొలవాలి. కొద్దిగా ఎక్కువ అరిగిందా, ఆ వాల్వు పనికిరాదు. పదహారు వాల్వులు. తితిక్ష అనే పదానికి శాస్త్రంలో నిర్వచనం చదివినవారు అనేకులు. ఆ శీతకాలమంతా ఫ్లాట్‌హెడ్ వాల్వులతో గడపినవారు కొందరే.

రంగు విషయంలో చిక్కు వచ్చింది. ఛాయాచిత్రంలో రంగు లేదు. కుమారునికి తెలియదు; వృద్ధుని అడిగితే చిరునవ్వు నవ్వాడు. గృహస్థుడు డ్యాష్‌బోర్డు క్రింద ఒక చోట నీటికాగితంతో నెమ్మదిగా రాచాడు. బూడిదరంగు ప్రైమరు, దాని క్రింద నలుపు, దాని క్రింద ముదురు ఎరుపు, దాని క్రింద పచ్చరంగు వలయాలు వలయాలుగా బయటపడ్డాయి. వాటిలో 1956 నాటిది ఏది? వెల్డింగ్ మచ్చలపైన కూడా ముదురు ఎరుపు ఉన్నది. పచ్చరంగు వాటి అంచుల దగ్గరనే ఆగిపోయింది. కనుక కోత జరిగిన తరువాత వేసిన మొదటి పొర ఎరుపే. ఈ అనుమానప్రమాణాన్ని ఆశ్రయించి ముదురు ఎరుపును నిర్ణయించాడు.

వేదాంతంలో భాగత్యాగలక్షణ అనే ప్రక్రియ సాధకులకు విదితమే. ఎప్పుడో ఎక్కడో చూచిన ఆ దేవదత్తుడే ఇప్పుడు ఇక్కడ ఉన్న ఈ దేవదత్తుడు అన్నప్పుడు, ఆ కాలం ఈ కాలం, ఆ దేశం ఈ దేశం అనే విరుద్ధభాగాలను విడిచి, ఉభయత్ర ఉన్న వ్యక్తిని మాత్రమే గ్రహిస్తాము. ఈ కారుపై ఆ ప్రక్రియను ప్రయోగించి చూడవచ్చు. ఇంజను మారింది, విడువుము. బ్రేకులు మారాయి, విడువుము. నేలరేకులు తుప్పుపట్టి పోతే గృహస్థుడే కొత్తవి కోసి వెల్డింగ్ చేశాడు, అవీ విడువుము. ఛాసీకి లోపలివైపు కొత్త ఇనుపపలకలు అతికి పెట్టెవలె మూయవలసివచ్చింది; లేకపోతే వీ-8 బలానికి అది మెలిపడుతుంది. విడుస్తూ పోతే చివరకు ఒక సంఖ్య మిగిలింది. సంఖ్యకు అధిష్ఠానమైన ఇనుపపట్టీని తుప్పు తినివేస్తే ఏమీ మిగలదు. జడవస్తువు విషయంలో నాగసేనుని వాదం చాలావరకు గెలుస్తుందని ఒప్పుకోవలసిందే. వేదాంతి వివాదపడేది రథం గురించి కాదు, రథికుని గురించి.

2022 వేసవికి కారు పూర్తయింది. ఒక ఆదివారం ఉదయం గృహస్థుడు దానిని సంరక్షణనివాసం ముంగిట నిలిపాడు. కుమారుడు తండ్రిని చేయి పట్టుకొని తీసుకువచ్చాడు. ఫ్లాట్‌హెడ్ శబ్దం వినగానే ఏదో స్ఫురిస్తుందని ఇద్దరూ ఆశించారు. అటువంటి కథలు లోకంలో చాలా ప్రచారంలో ఉన్నాయి కదా.

వృద్ధుడు కారు చుట్టూ తిరిగాడు. "మంచి కారు. ఎవరిది?" అని అడిగాడు.

"మీదేనండీ" అన్నాడు గృహస్థుడు.

"నాది కాదు. నాకు తెలియదు ఈ కారు." క్షణం ఆగి, "నాకు చాలా విషయాలు తెలియడం లేదు" అన్నాడు మర్యాదగా. ఛాయాచిత్రాన్ని చూపితే, "ఈ కుర్రవాడెవరు? ఆకలితో ఉన్నట్టున్నాడు" అన్నాడు. కుమారుడు ముఖం ప్రక్కకు త్రిప్పుకొన్నాడు.

ఫలాపేక్ష ఎంత సూక్ష్మంగా దాగి ఉంటుందో అప్పుడే బయటపడుతుంది. నాలుగేళ్లు తాను నిష్కామంగా పనిచేస్తున్నానని గృహస్థుడు నమ్మాడు. కారు అమ్మే ఉద్దేశం లేదు, ప్రదర్శనలకు పంపే కోరిక లేదు. కాని ఒక ముఖంపై ఒక్క వెలుగును కోరుకొన్నాడు. అది రాలేదు.

ఇక్కడ వేదాంతి తొందరపడి ఊరట చెప్పరాదు. "ఆత్మ నిత్యం కదా, పోయినది అంతఃకరణవృత్తి మాత్రమే కదా" అని ఆ కుమారునితో అనడం శాస్త్రసమ్మతమే అయినా, ఆ సమయానికి అది క్రౌర్యం. పైగా ఒక శాస్త్రీయమైన చిక్కు కూడా ఉన్నది. సుషుప్తిలో మనస్సు లయించినా సాక్షి ఉన్నదనడానికి మనం చూపే ఆధారం మేల్కొన్న తరువాతి పరామర్శ: సుఖంగా నిద్రించాను, ఏమీ తెలియలేదు అన్న స్మరణ. స్మరణశక్తే నశించినవానికి ఆ ఆధారం ఎట్లా లభిస్తుంది? ఆ రాత్రి గృహస్థుడు తాను వెళ్లే గోష్ఠిలోని ఒక పెద్దాయనకు ఫోన్ చేసి ఈ ప్రశ్ననే అడిగాడు.

పెద్దాయన వెంటనే సిద్ధాంతం చెప్పలేదు. "ఆయన ఏమన్నాడో ఆ మాటే మళ్లీ చెప్పు నాయనా" అన్నారు. గృహస్థుడు చెప్పాడు. "నాకు తెలియడం లేదు అన్నాడు కదా. తెలియకపోవడం ఆయనకు తెలుస్తున్నది. ఘటాన్ని ప్రమాణంతో తెలుసుకొంటాము. అజ్ఞానాన్ని ఏ ప్రమాణంతో తెలుసుకొంటాము? దానిని సాక్షియే నేరుగా ప్రకాశింపజేస్తుందని మనవాళ్లు చెప్పింది అందుకే. స్మృతి సాక్షికి గుర్తు మాత్రమే, ఆధారం కాదు. నిన్నటిది లేకపోతే లేదు, ఇప్పటి తెలియనితనాన్ని చూస్తున్న వెలుగు ఇప్పుడే ఉన్నది." కొంతసేపు మౌనంగా ఉండి, "ఇది నీకు చెప్పానుగాని, ఆ అబ్బాయికి మాత్రం ఇప్పుడు చెప్పకు. అతనికి కావలసింది నాన్న" అన్నారు.

ఈ సమాధానంలో రెండవ భాగం మొదటిదానికంటె తక్కువ శాస్త్రీయమని ఎవరైనా భావిస్తే, వారు అధికారిభేదమనే విషయాన్ని మళ్లీ చదువుకోవాలి.

ఆ మధ్యాహ్నం ఇంటికి తిరిగివస్తుండగా సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి ఫ్లాట్‌హెడ్ వేడెక్కింది. ముల్లు ఎర్రగీతను తాకగానే గృహస్థుడు కారును ఒక చెట్టునీడలో ఆపాడు. రేడియేటరు మూతను అప్పుడే తీస్తే చేయి కాలుతుంది. ముప్పావు గంట కూర్చొని, నీళ్లు పోసి, మళ్లీ బయలుదేరాడు.

తరువాతి ఆదివారం మళ్లీ వెళ్లాడు. వృద్ధుడు మళ్లీ కారు చుట్టూ తిరిగి, "మంచి కారు. ఎవరిది?" అని అడిగాడు. ఆపై ఆదివారం కూడా అదే ప్రశ్న. మూడవ వారం నుండి గృహస్థుడు "మీదే" అని చెప్పడం మానివేసి, తలుపు తెరచి పట్టుకొని "ఎక్కండి, అలా తిరిగివద్దాం" అనడం మొదలుపెట్టాడు. వృద్ధునికి గాలి తగలడం ఇష్టం. వేగం పెరిగినప్పుడు టోపీని చేతితో పట్టుకొని పెద్దగా నవ్వుతాడు. వెనుక సీటు లేదు కనుక కుమారుడు తన కారులో వెంబడిస్తాడు. ఎడమ కార్బురేటరు నుండి పెట్రోలు కారడం ఇంకా ఆగలేదు. దానికి కొత్త గ్యాస్కెట్ రావలసి ఉన్నది.